అప్‌డేట్: ఆవిరి పైపు గోడ మందం అసలు కంటే ఎక్కువగా చూపడానికి కారణం పైపు మీది రంగు పూతే

చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, పాత 4 అంగుళాల షెడ్యూల్ 40 (గోడ మందాన్ని తెలిపే ప్రామాణిక తరగతి) ఆవిరి పైపు గోడ మందం ప్రమాణం ప్రకారం 6.02 మి.మీ. ఉండాల్సిన చోట అల్ట్రాసోనిక్ గేజ్ (ధ్వని తరంగాలతో మందం కొలిచే పరికరం) 6.7 చూపుతోంది, ఎందుకని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. రంగును అనుమానించిన వారి మాటే నిజమైంది. ఉక్కులో ధ్వని సెకనుకు సుమారు 5,900 మీటర్లు సాగితే రంగులో అందులో సగం కూడా సాగదు కనుక, 0.3 మి.మీ. రంగు పొరను గేజ్ 0.7 మి.మీ. ఉక్కుగా లెక్కిస్తోందని తిరుపతి నుంచి వచ్చిన ఎన్‌డీటీ (వస్తువును పాడుచేయకుండా చేసే పరీక్షల) ఇంజనీరు గారు వివరించి, రంగును వదిలేసి ఉక్కు మందాన్నే చూపే ఎకో-టు-ఎకో పద్ధతిలో (ఉక్కు నుంచి వచ్చే రెండు వరుస ప్రతిధ్వనుల మధ్య సమయాన్ని కొలిచి) మళ్లీ కొలిచారు. తిన్నని భాగంలో 6.0 వచ్చింది, బెండు వెలుపలి వైపు మాత్రం 4.3కు దిగింది. రంగు మీద కొలిచినప్పుడు అదే చోట 5 చూపి మమ్మల్ని నిశ్చింతగా ఉంచింది, అసలు ప్రమాదం అదే. గేజ్‌కూ పైపుకూ మధ్య పూసే జెల్ మార్చినా తేడా రాలేదు. కొలిచినప్పుడు పైపు చల్లగానే ఉన్నందున ఉష్ణోగ్రత సవరణ అవసరపడలేదు. మామిడి సీజన్‌కు ముందే ఆ బెండును మారుస్తున్నాము.