తెలుగు స్టాండప్ కమెడియన్‌కి ప్రెస్ కిట్ ఎలా ఉండాలి?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఓపెన్ మైక్‌లతో (కొత్తవాళ్లెవరైనా స్టేజీ ఎక్కి కాసేపు చేసే షోలు) మొదలుపెట్టి ఇప్పుడు తెలుగులో గంటసేపు సొంత షో చేస్తున్నాను. ఈమధ్య కాలేజీ ఫెస్ట్‌ల వాళ్లు, కార్పొరేట్ ఈవెంట్ల వాళ్లు ప్రెస్ కిట్ (బయో, ఫొటోలు, వీడియో కలిపి మన గురించి పంపే పరిచయం) పంపమంటున్నారు. ఇది పద్ధతిగా చేయాలని గట్టిగా ఉంది, అందుకే అడుగుతున్నాను.

బయో రెండు రకాలుగా రాశాను: యాంకర్ స్టేజీ మీద చదవడానికి 50 మాటల్లో ఒకటి, పత్రికలకి 200 మాటల్లో ఇంకొకటి. ఫొటోలు ప్రింటుకి పనికొచ్చే క్వాలిటీలో (300 డీపీఐ) అడ్డంగా, నిలువుగా రెండూ తీయించాను. ఇంతవరకు ఇబ్బంది లేదు.

అసలు టెన్షన్ వీడియోతోనే. మంచి పంచ్‌లు ఏరి రెండు నిమిషాల రీల్ కట్ చేయాలా, ఎడిటింగ్ లేకుండా ఐదు నిమిషాల సెట్ (స్టేజీ మీద వరసగా చేసిన కామెడీ) పెట్టాలా? రీల్ చూస్తే జోకు ఎలా అల్లుకొస్తానో తెలియదు. సెట్ అయితే జనం ఎక్కడెక్కడ నవ్వారో వినబడుతుంది, నాకు అదే నిజాయితీగా అనిపిస్తుంది. కానీ బుక్ చేసేవాళ్లకి అంత తీరిక ఉంటుందా? తెలుగు రాని మేనేజర్ల కోసం ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ వేయాలా? ఆఫీసు షోలకి బూతుల్లేని క్లిప్ విడిగా ఇవ్వాలా?

ఇంకో విషయం: కార్డ్‌లెస్ మైక్, స్టాండు, స్టూలు లాంటి అవసరాలు కిట్‌లోనే రాస్తారా, బుకింగ్ ఖాయమయ్యాక చెబుతారా? రేటు మాత్రం అందులో పెట్టదలచుకోలేదు.

షోలు బుక్ చేసేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, కిట్ తెరవగానే మొదట దేని మీద క్లిక్ చేస్తారో చెప్పండి ప్లీజ్.