2024 రూల్స్‌లో బార్బేరియన్‌కి ఆర్క్ ఇంకా సరిపోతుందా?

కొత్తగా_చేరా:
వచ్చే శనివారం మా కొత్త క్యాంపెయిన్ మొదలవుతోంది. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలేస్తూ పాత్రలు ఆడే టేబుల్ గేమ్), 2024 రూల్స్, లెవెల్ 1 నుంచి. నాకు ఆర్క్ జాతి బార్బేరియన్ (కోపంతో పోరాడే యోధుడి క్లాస్) ఆడాలని ఉంది. మా గ్రూపులో సీనియర్ ఒకాయన మాత్రం "ఆర్క్‌కి ఇప్పుడు స్ట్రెంగ్త్ బోనస్ లేదు, అది బ్యాక్‌గ్రౌండ్‌కి (పాత్ర పాత జీవితం, వృత్తి) వెళ్లిపోయింది. బార్బేరియన్‌కైతే గోలయత్ జాతి తీసుకో, ఆర్క్ చూడ్డానికి బాగుంటుంది తప్ప దండగ" అంటున్నారు. నిజమేనా? ఇంకో భయం కూడా ఉంది. ఇంటెలిజెన్స్ 8 పెడితే నా పాత్ర అరుపులు తప్ప ఏమీ రాని మొద్దు అయిపోతుందేమో.

రాతిగోడ:
ఆయన చెప్పింది సబబే. 2014 పుస్తకంలో హాఫ్-ఆర్క్‌కి స్ట్రెంగ్త్ +2, కాన్‌స్టిట్యూషన్ +1 వచ్చేవి. చేతిలో ఆయుధంతో క్రిటికల్ (20 ముఖాల పాచిక మీద 20) కొడితే ఇంకో డైస్ కలిసేది. ఇప్పుడు అవన్నీ పోయాయి. ఆర్క్‌కి ఉన్న అడ్రినలిన్ రష్ (అదనంగా ఒక పరుగు) బోనస్ యాక్షన్ (టర్న్‌లో అసలు పనికి తోడు చేసే చిన్న పని), రేజ్ (బార్బేరియన్ కోపావేశం) కూడా బోనస్ యాక్షనే. టర్న్‌కి ఉండేది ఒక్కటి. మొదటి టర్న్‌లో పరుగెత్తాలా, రేజ్‌లోకి వెళ్లాలా? గోలయత్‌కి ఈ తంటా లేదు. వేగం 30 బదులు 35 అడుగులు. స్టోన్స్ ఎండ్యూరెన్స్ ఎంచుకుంటే రియాక్షన్‌తో ఒక డీ12 (12 ముఖాల పాచిక), దానికి కాన్‌స్టిట్యూషన్ మాడిఫయర్ కలిపి, అంత దెబ్బ తగ్గించుకోవచ్చు. లెవెల్ 5కి ఒళ్లు లార్జ్ సైజుకి పెంచుకోవచ్చు. ఆర్క్‌లో దీనికి సాటి వచ్చేది ఏముంది?

గండ్రగొడ్డలి:
రాతిగోడ గారూ, బోనస్ యాక్షన్ ఇబ్బంది ఉన్నమాట నిజం. గోలయత్ లార్జ్ అవ్వడానికి కూడా బోనస్ యాక్షనే కావాలి, అది మీరు చెప్పలేదు. కానీ నా వాదన అది కాదు. బార్బేరియన్ విలువ తెలిసేది హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) అయిపోయే టర్న్‌లో.

సున్నాకి పడితే స్పృహ పోతుంది. స్పృహ పోతే రేజ్ అక్కడికక్కడే ఆగిపోతుంది, చేతిలో గొడ్డలి కింద పడుతుంది. క్లెరిక్ (వైద్యం చేసే పూజారి) వచ్చి లేపినా సరే, లేవడానికి సగం కదలిక ఖర్చు. ఆయుధాల దెబ్బ సగమయ్యే రక్షణ మళ్లీ కావాలంటే ఇంకో రేజ్ వాడాలి. లెవెల్ 1, 2లో ఉండేవే రెండు రేజ్‌లు! ఆర్క్‌కి రిలెంట్‌లెస్ ఎండ్యూరెన్స్ ఉంది. లాంగ్ రెస్ట్‌కి (రాత్రంతా విశ్రాంతి) ఒకసారి, సున్నాకి పడాల్సినవాడు 1 హిట్ పాయింట్‌తో నిలబడతాడు. రేజ్ ఆగదు, గొడ్డలి జారదు, తన టర్న్ రాగానే మళ్లీ కొడతాడు. ఈ లక్షణం బార్బేరియన్‌కి పనికొచ్చినంతగా ఇంకే క్లాస్‌కీ పనికిరాదని నా గట్టి నమ్మకం.

ఇక స్టోన్స్ ఎండ్యూరెన్స్. రూల్స్ ప్రకారం దెబ్బలో కూడికలు, తీసివేతలు ముందు చేయాలి. రెసిస్టెన్స్ (దెబ్బ సగమవడం) ఆ తర్వాతే. ఓగర్ అనే రాక్షసుడి దుడ్డుకర్ర సగటు దెబ్బ 13. రేజ్‌లో ఉంటే సగం, అంటే 6 తగులుతుంది. గోలయత్ రియాక్షన్ వాడి 8 తగ్గించాడు అనుకోండి: 13లో 8 పోతే 5, అందులో సగం 2. చూడ్డానికి 8 ఆపాడు, నిజంగా ఆపింది 4. అడ్రినలిన్ రష్ ఇచ్చే టెంపరరీ హిట్ పాయింట్లు (అసలువాటికన్నా ముందు ఖర్చయ్యేవి) దీనికి తిరగేసి పనిచేస్తాయి. అవి సగమైన దెబ్బని మోస్తాయి కాబట్టి రెండు పాయింట్లు నాలుగు పాయింట్ల దెబ్బకి సరిపోతాయి. పైగా రష్ షార్ట్ రెస్ట్‌కే (గంట విశ్రాంతి) పూర్తిగా తిరిగొస్తుంది. గోలయత్ లాంగ్ రెస్ట్ దాకా ఆగాలి.

మొదటి టర్న్‌కి ఉపాయం: బార్బేరియన్ సామానులోనే నాలుగు హ్యాండాక్స్‌లు (చిన్న గొడ్డళ్లు) వస్తాయి. రేజ్‌లోకి వెళ్లి ఒకటి విసరండి. 2024 రూల్స్‌లో స్ట్రెంగ్త్‌తో విసిరిన ఆయుధానికి కూడా రేజ్ డ్యామేజ్ కలుస్తుంది, శత్రువు మీద అటాక్ రోల్ వేశారు కాబట్టి రేజ్ కూడా కొనసాగుతుంది. రెండో టర్న్‌లో రష్. లెవెల్ 7 నుంచి రేజ్ మొదలుపెడుతూనే సగం వేగం కదలొచ్చు, అప్పుడు ఈ తలనొప్పి చాలావరకు పోతుంది.

నిశి_డీఎం:
లెక్కలు మీరు చూసుకోండి, నేను ఇంటెలిజెన్స్ గురించి చెప్తాను. 8 అంటే మాడిఫయర్ −1, అంతే. 2016లో వచ్చిన ఆర్క్ రూపానికి ఇంటెలిజెన్స్‌లో 2 తగ్గింపు ఉండేది. దాన్ని 2020లో తీసేశారు, మంచి పని చేశారు. 8 ఉన్న మనిషికి పాత గ్రంథాలు తెలియకపోవచ్చు. వాన ఎప్పుడొస్తుందో, ఏ గొడ్డు జబ్బు పడిందో, సంతలో ఎవరు మోసం చేస్తున్నారో తెలియదని ఎవరన్నారు? అందుకే విజ్డమ్‌లో 12 పెట్టండి. మనసుని పట్టేసే మంత్రాలు ఎక్కువగా విజ్డమ్ సేవింగ్ త్రో (మంత్రం నుంచి తప్పించుకోవడానికి వేసే పాచిక) మీదే ఆధారపడతాయి, అక్కడ −1 ఉంటే మీ గొడ్డలి మీ స్నేహితుల మీదే పడుతుంది.

రేజ్ అంటే పిచ్చి పట్టడం అని కూడా ఆడకండి. లెవెల్ 3లో ప్రైమల్ నాలెడ్జ్ వస్తుంది. రేజ్‌లో ఉండగా స్టెల్త్, పర్సెప్షన్, సర్వైవల్ లాంటివాటికి స్ట్రెంగ్త్ వాడొచ్చు. అంటే రేజ్‌లో ఉన్న ఆర్క్ చప్పుడు లేకుండా నక్కగలడు, జాడ పట్టగలడు. నా టేబుల్‌లో ఎవరైనా ఆర్క్ బార్బేరియన్ తెస్తే ఒక్కటే అడుగుతాను: నీకు కోపం ఎవరి కోసం వస్తుంది? దానికి జవాబు ఉంటే పాత్ర దానంతట అదే నడుస్తుంది.

రాతిగోడ:
రెసిస్టెన్స్ వరస విషయంలో గండ్రగొడ్డలి గారి లెక్క సరైనదే, కాదనను. కానీ రిలెంట్‌లెస్ ఎండ్యూరెన్స్ రోజుకి ఒక్కసారే కదా. స్టోన్స్ ఎండ్యూరెన్స్ లెవెల్ 1లోనే రెండుసార్లు, లెవెల్ 5కి మూడు. అదీకాక నిప్పు, మెరుపు లాంటివాటికి మామూలు రేజ్ రెసిస్టెన్స్ ఇవ్వదు. అక్కడ గోలయత్ ఆపే 8 పూర్తిగా ఎనిమిదే. వేగం సంగతి కూడా ఉంది.

గండ్రగొడ్డలి:
నిప్పు విషయం నిజం, డ్రాగన్లున్న క్యాంపెయిన్ అయితే దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే. వేగం మాత్రం ఒప్పుకోను. లెవెల్ 5లో బార్బేరియన్ వేగానికి వచ్చే 10 ఇద్దరికీ కలిస్తే ఆర్క్ 40, గోలయత్ 45. రష్ వాడిన టర్న్‌లో ఆర్క్ 80 అడుగులు పరుగెత్తి, అదే టర్న్‌లో రెండు దెబ్బలూ వేస్తాడు. వెనకాల దాక్కున్న మంత్రగాడి దగ్గరికి ముందు చేరేది ఎవరు?

కొత్తగా_చేరా గారూ, నేనైతే ఇలా కడతాను. ఫార్మర్ బ్యాక్‌గ్రౌండ్: స్ట్రెంగ్త్ 15కి 2 కలిపి 17, డెక్స్‌టెరిటీ 14, కాన్‌స్టిట్యూషన్ 13కి 1 కలిపి 14, విజ్డమ్ 12, కరిజ్మా 10, ఇంటెలిజెన్స్ 8. ఫార్మర్‌తో టఫ్ ఫీట్ (హిట్ పాయింట్లు పెంచే అదనపు నేర్పు) వస్తుంది, లెవెల్ 1లోనే 16 హిట్ పాయింట్లు. ఒంటిమీద ఏమీ లేకుండా ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలకుండా కాచే అంకె) 14. బ్యాక్‌గ్రౌండ్ సామాను బదులు 50 బంగారు నాణేలు తీసుకుని స్కేల్ మెయిల్ (పొలుసుల కవచం) కొంటే 16. హెవీ ఆర్మర్ కాదు కాబట్టి రేజ్‌కి అడ్డు రాదు. లెవెల్ 4లో గ్రేట్ వెపన్ మాస్టర్ ఫీట్ తీసుకోండి, దాంతో స్ట్రెంగ్త్ 18 అవుతుంది.

రాతిగోడ:
స్కేల్ మెయిల్ వేసుకుంటే స్టెల్త్‌కి (నక్కడానికి) డిసడ్వాంటేజ్ (రెండు పాచికలేసి తక్కువది తీసుకోవాలి), అది కూడా చెప్పండి. నా ఓటు ఇప్పటికీ గోలయత్‌కే.

కొత్తగా_చేరా:
ఆర్క్‌నే ఖాయం చేశాను. ఫార్మర్ అనుకోగానే కథ కూడా తట్టింది: కరువులో ఊరి పశువులన్నీ పోయాక, మిగిలిన ఒక్క మందని కాపాడుతూ దారిపట్టిన ఆర్క్. కోపం ఆ మంద మీద చెయ్యి వేసినవాళ్ల మీదే వస్తుంది. స్కేల్ మెయిల్ మాత్రం వద్దు, నాణేలు దాచుకుంటాను. మా పార్టీలో రోగ్ (దొంగ తరహా క్లాస్) ఉన్నాడు, అతనితో పాటు నక్కి వెళ్లాలి.