ఆర్‌ఆర్‌డీటూల్: ఏడాది గ్రాఫులో శిఖరాలు ఎందుకు మాయమవుతున్నాయి?

ప్రశ్న: కొలతలను కాలక్రమంలో భద్రపరచి గ్రాఫులు గీసే ఆర్‌ఆర్‌డీటూల్ సాధనంతో రూటర్ ట్రాఫిక్‌ను 300 సెకన్లకు ఒకసారి నమోదు చేస్తున్నాను. రోజువారీ గ్రాఫులో 100 మెగాబిట్ల వరకు కనిపించిన శిఖరం ఏడాది గ్రాఫులో కనిపించడం లేదు. పైగా అక్కడక్కడా ఖాళీలు వస్తున్నాయి. ఫైలు పాడైందా?

జవాబు 1: ఫైలు పాడవలేదు. దాని పరిమాణం సృష్టించిన రోజే స్థిరపడుతుంది కనుక, కొత్త విలువలు పాతవాటి స్థానాన్ని చక్రంలా ఆక్రమిస్తాయి. ఏడాది ఆర్కైవులో (ఫైలులో ఏడాది విలువలను దాచే భాగంలో) మాత్రం రోజుకు వచ్చే 288 కొలతలు కలిసి ఒకే సగటుగా మిగులుతాయి. రోజంతా 5 మెగాబిట్ల వద్ద ఉన్న ట్రాఫిక్ 10 నిమిషాలు 100కు చేరితే, ఆ రోజు సగటు సుమారు 5.66 మాత్రమే. శిఖరాలు కావాలంటే సగటులను దాచే యావరేజ్ ఆర్కైవుతో పాటు గరిష్ఠ విలువలను దాచే మ్యాక్స్ ఆర్కైవును కూడా ఉంచి, గ్రాఫు ఆదేశంలో ఏ డేటా వాడాలో చెప్పే డెఫ్ పంక్తిలోనూ మ్యాక్స్ అనే పేర్కొనాలి. ఈ రెండో పనిని చాలామంది మరచిపోతారు.

జవాబు 2: ఖాళీలకు కారణం బహుశా హార్ట్‌బీట్ విలువ, అంటే రెండు కొలతల మధ్య అనుమతించే గరిష్ఠ వ్యవధి (సెకన్లలో), కావచ్చు. అది కూడా 300 అయితే, కొలత కొన్ని సెకన్లు ఆలస్యమైనా ఆ వ్యవధి ‘తెలియనిది’గా నమోదవుతుంది. ట్యూన్ ఆదేశంతో దానిని 600 చేయండి, డేటా చెరగదు. ఈ సాధనం తెలియని విలువను సున్నాగా చూపకపోవడం నా దృష్టిలో దాని గొప్ప సుగుణం.

ప్రశ్న అడిగినవారు: హార్ట్‌బీట్ నిజంగానే 300 ఉంది, మార్చాను. గత ఏడాది శిఖరాలను తిరిగి పొందగలమా?

జవాబు 1: సగటులో కలిసిపోయిన విలువలను విడదీయలేము. 300 సెకన్ల కొలతలను దాచే సూక్ష్మ ఆర్కైవులో ఇంకా మిగిలి ఉన్న రోజులను మాత్రం ఫెచ్ ఆదేశంతో ఈరోజే బయటికి తీసి భద్రపరచుకోండి.