అప్‌డేట్: బరంపురంలో మా ఇంటి ఏసీ డక్టు చెమ్మ

ఫాల్స్ సీలింగ్ పైనున్న డక్టు (ఏసీ చల్లగాలిని గదికి తెచ్చే రేకు గొట్టం) నుండి నీటిబొట్లు రాలుతున్నాయనీ, గాలి బయటికొచ్చే గ్రిల్లు చుట్టూ నల్లని బూజు పడుతోందనీ కిందటి శ్రావణంలో ఇక్కడ అడిగాను. స్లాబు కారుతోందేమోనని అనుమానించాము గాని, వాన లేని రోజుల్లో కూడా బొట్లు ఆగకపోవడంతో, మీలో ఒకరు సూచించినట్లు డక్టునే విప్పించాము.

మలుపు దగ్గర టేపు ఊడి, డక్టు పైన వేడి తగలకుండా చుట్టిన గ్లాస్‌వూల్ (గాజు పీచు దూది) పూర్తిగా నానిపోయి ఉంది. పిడికిట పట్టి పిండితే వేళ్ల సందుల నుండి నీళ్లు కారాయి. ఒడిశాలోని మా బరంపురానికి గోపాలపురం సముద్రం దగ్గరే గనుక మా ఊరి గాలిలో తేమ ఎక్కువ. చల్లని నీళ్లు పోసిన ఇత్తడి చెంబుకు చెమట పట్టినట్లే, ఆ గాలి తగిలిన చల్లని రేకు మీద ఆవిరి నీరవుతోంది. నానిన గ్లాస్‌వూల్‌ను ఆరబెట్టి తిరిగి వాడుదామన్న మేస్త్రీ మాటను నేను ఒప్పుకోలేదు. దానిని పారేసి, రేకును సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరాక గ్లాస్‌వూల్‌కు బదులు తేమ పీల్చని నైట్రైల్ రబ్బరు షీటు చుట్టించి, అతుకులన్నీ అల్యూమినియం టేపుతో మూయించాము. ఏసీ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పైపు వాలు కూడా సరిచేయించాము.

ఈ వానాకాలంలో ఇంతవరకు ఒక్క బొట్టు రాలలేదు. గదిలో తేమ 60 శాతం లోపు ఉందో లేదో చూసుకునేందుకు చిన్న మీటరు కొన్నాము. ఉబ్బసమున్న మా అత్తయ్యగారు ఆ గదిలోనే పడుకుంటారు కాబట్టి, బూజు మళ్లీ పడుతోందేమోనని వారానికొకసారి టార్చి వేసి గ్రిల్లు లోపల చూస్తున్నాను.