కోపం తన్నుకొచ్చే ఆ రెండు సెకన్లలో మీరేం చేస్తారు?

అందరికీ నమస్తే. మాది హనుమకొండ, ఎరువుల షాపులో కౌంటర్ మీద కూర్చుంటాను, వానాకాలం వచ్చిందంటే యూరియా కోసం పొద్దున ఆరింటికే లైను, లోడు రాకపోతే తిట్లన్నీ నాకే. మొన్న ఒక పెద్దాయన పాస్‌బుక్కు కౌంటర్ మీద విసిరికొట్టాడు. నేను లేచి అరిచాను. మా సీనియర్ అన్న మాత్రం ఆ పాస్‌బుక్కు తీసి, దుమ్ము దులిపి, "కూసో కాకా, పొద్దుగాల ఏమన్న తిన్నవా?" అన్నాడు. అంతే, పెద్దాయన చల్లబడి, మూడు గంటల నుంచి నిలబడ్డానని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

దీన్నే ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అంటారట. 1990లో సాలొవే, మేయర్ అనే అమెరికా సైకాలజిస్టులు దీని మీద పేపర్ రాశారు: మన భావాలనూ ఎదుటివాళ్ల భావాలనూ గుర్తుపట్టి, దాన్నిబట్టి నడుచుకోవడం. చదవడానికి బాగానే ఉంది, లైనులో యాభై మంది గోల చేస్తుంటే గుర్తొస్తుందా?

భద్రకాళి బండ్ మీద వాకింగ్ మొదలుపెట్టాను, ఎవరి మీద అరిచానో రాత్రి రాసుకుంటున్నాను కూడా, కానీ అదంతా అరిచాక చేసే పని కదా. మీలో నిజంగా మారినవాళ్ళు, సరిగ్గా ఆ క్షణంలో ఏం చేస్తారో చెప్పండి. లోతుగా ఊపిరి తీసుకోమని మాత్రం అనకండి, తీసుకున్నాను, ఇంకా గట్టిగా అరిచాను.

ఇంకోటి, ఆ పెద్దాయన వచ్చే వారం మళ్ళీ వస్తాడు. అందరి ముందు సారీ చెప్పాలా, పక్కకు పిలిచా?