చవక రోడ్ బైక్‌కి షిఫ్టర్లు (గేర్లు మార్చే లివర్లు) మార్చడం వర్తేనా?

లోగేర్:
నాది బేసిక్ రోడ్ బైక్ అండి. అల్యూమినియం ఫ్రేమ్, ముందు రెండు వెనక ఏడు. బ్రేక్ లివర్ వెనక ఒక లివర్ ఉంటుంది, అది తోస్తే చైన్ పెద్ద స్ప్రాకెట్‌కి (పళ్ళ చక్రానికి) ఎక్కుతుంది, చిన్నదానికి దిగాలంటే హుడ్ (బ్రేక్ లివర్ పైన చెయ్యి ఆన్చే రబ్బరు తొడుగు) లోపలివైపు బొటనవేలితో నొక్కే బటన్. చేతులు హుడ్స్ మీద ఉన్నంతసేపు ఏ ఇబ్బందీ లేదు గానీ డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపులు) పట్టుకుంటే ఆ బటన్ అందదు, దిగుడులో స్పీడ్ అందుకుంటుంటే గేర్ మార్చడానికి చెయ్యి తీసి పైకి పెట్టాలి, అదీ సరిగ్గా వేళ్ళు బ్రేకుల మీద ఉండాల్సిన టైంలో.

ఇంకోటి, ఈమధ్య చిన్నవైపు దిగడం లేట్ అవుతోంది. బటన్ నొక్కాక కాసేపు తొక్కితే గానీ చైన్ పడట్లేదు, ఒక్కోసారి రెండిటి మధ్య ఇరుక్కుని గరగరమంటుంది. పెద్దవైపు ఎక్కడం మాత్రం బానే ఉంది.

అందుకే షిమానో గేర్ సెట్లలో క్లారిస్ గానీ సోరా గానీ వేసేద్దామా, లేక ఒకేసారి 105కి వెళ్ళిపోదామా అని ఆలోచిస్తున్నా. తెలిసినవాళ్ళేమో ఈ బైక్ మీద అంత పెట్టొద్దు, ఆ డబ్బు దాచుకుని కొత్తదే కొనుక్కో అంటున్నారు. కానీ ఈ ఫ్రేమ్ నాకు సైజు చక్కగా కుదిరింది, ఎంతసేపు తొక్కినా నడుము నొప్పి రాదు, దీన్ని వదలాలని లేదు. ఏం చెయ్యమంటారు?

పాతకేబుల్:
ముందు రెండు విషయాలు విడదీద్దాం అండి. బటన్ అందకపోవడం షిఫ్టర్ డిజైన్. చైన్ లేటుగా పడటానికి మాత్రం షిఫ్టర్ కారణం కాకపోవచ్చు. మీరు రాసిన లక్షణం చూస్తే నాకు కేబుల్ మీదే అనుమానం.

ఎందుకంటే పెద్ద స్ప్రాకెట్‌కి ఎక్కించేటప్పుడు కేబుల్‌ని మీ వేలి బలం లాగుతుంది, లోపల కొంచెం తుప్పు ఉన్నా మురికి ఉన్నా ఆ బలం ముందు తెలీదు. చిన్నదానికి దిగేటప్పుడు షిఫ్టర్ కేబుల్‌ని వదిలేస్తుంది అంతే, దాన్ని వెనక్కి లాక్కోవాల్సింది డిరైలర్ (చైన్‌ని పక్కకి జరిపే భాగం) స్ప్రింగ్ ఒక్కటే. ఔటర్‌లో (కేబుల్ మీది గొట్టంలో) కేబుల్ పట్టేస్తుంటే స్ప్రింగ్ బలం చాలదు, చైన్ ఆలోచించి ఆలోచించి పడుతుంది. దీనికి రివర్స్‌లో, దిగడం బాగుండి ఎక్కడం లేట్ అయితే కేబుల్ లూజు, కేబుల్ బిగువు సర్దే బారెల్ తిప్పితే సరిపోతుంది. మధ్యలో గేర్లు బాగుండి రెండు చివర్లూ పాడైతే డిరైలర్ హ్యాంగర్ (డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టించే ముక్క) వంగిందేమో చూడాలి, బైక్ కుడివైపుకి ఒక్కసారి పడినా వంగొచ్చు, వెనకనుంచి చూస్తే డిరైలర్ పుల్లీలు (చిన్న చక్రాలు) రెండూ స్ప్రాకెట్లతో ఒకే వరసలో నిలువుగా కనపడాలి. ఇక క్లిక్ అనేదే రాకుండా లివర్ ఉత్తినే ఊగుతుంటే అప్పుడు షిఫ్టర్ లోపలిదే. చాలాసార్లు అది కూడా పోయినట్టు కాదు, పాత గ్రీజు గట్టిపడి లోపల క్లిక్ పట్టే చిన్న ముక్కలు అతుక్కుపోతాయి. డీగ్రీజర్ కొట్టి పల్చటి ఆయిల్ వేస్తే మళ్ళీ పనిచేసేవి బోలెడు.

ఇంట్లోనే చెక్ చేసుకోండి. వెనక చక్రం పైకెత్తి తొక్కుతూ పెద్ద స్ప్రాకెట్‌కి ఎక్కించండి, తర్వాత తొక్కడం ఆపేసి బటన్ నొక్కుకుంటూ చివరిదాకా రండి. కేబుల్ వదులవుతుంది, ఔటర్‌ని ఫ్రేమ్ స్టాపుల్లోంచి బయటికి తీయొచ్చు. డిరైలర్‌లోకి వెళ్ళే ఆఖరి వంపు ముక్క ఉంటుంది చూడండి, నీళ్ళూ దుమ్మూ చేరేది అక్కడే. కేబుల్‌ని వేళ్ళతో ముందుకీ వెనక్కీ జరిపితే ఎక్కడ పడుతోందో చేతికే తెలిసిపోతుంది. కొత్తది వేస్తే గేర్ ఔటరే వెయ్యండి, అందులో తీగలు నిలువుగా ఉంటాయి కాబట్టి నొక్కుడుకి కుదించుకుపోదు. బ్రేక్ ఔటర్‌లో తీగ స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, దాన్ని గేర్లకి వేస్తే క్లిక్కులు ఎప్పటికీ సెట్ అవ్వవు. షిఫ్టర్‌తో పోలిస్తే ఈ ఖర్చు ఒక ఖర్చే కాదు.

పనిలో పనిగా చైన్ కూడా కొలవండి, ఒక పిన్ను నుంచి దాని తర్వాత 24వ పిన్నుదాకా దూరం కరెక్టుగా 12 అంగుళాలు ఉండాలి, అంగుళంలో పదహారో వంతు పెరిగితే మార్చేయండి.

డ్రాప్‌బార్:
కేబుల్ గురించి పైన చెప్పినదంతా కరెక్ట్. కానీ కేబుల్ మార్చేసి ఊరుకోమంటే నేను ఒప్పుకోను. డ్రాప్స్‌లోంచి గేర్ అందకపోవడం చిన్న విషయం కాదండి, దిగుడులో చేతులు కింద ఉండటమే సేఫ్, బ్రేక్ మీద పట్టు అక్కడే ఎక్కువ, బరువు కిందకి వస్తుంది. మీరు చెప్పేది షిమానో టూర్నీ ఎ070 రకంలా ఉంది. క్లారిస్ ఆర్2000లో బ్రేక్ లివర్‌నే లోపలికి తోస్తే పైకి ఎక్కుతుంది, దాని వెనక చిన్న లివర్‌తో దిగుతుంది, రెండూ హుడ్స్ నుంచీ అందుతాయి డ్రాప్స్ నుంచీ అందుతాయి. నా దృష్టిలో షిఫ్టర్ మార్చడానికి న్యాయమైన కారణం ఇదొక్కటే, గేర్ల సంఖ్య కాదు.

సెకండ్ హ్యాండ్ చూస్తుంటే మాత్రం నంబర్ చూసి కొనండి. పాత 2300లో, సోరా 3400లో కూడా ఇదే బొటనవేలి బటన్ ఉంటుంది, అవి కొని లాభం లేదు. క్లారిస్ 2400 నుంచి ఆ బటన్ పోయింది.

105 ఆలోచన వదిలేయండి ప్లీజ్. అది 11 స్పీడ్ (వెనక 11 స్ప్రాకెట్లు), కొత్తదైతే 12, ఆ రోడ్ కాసెట్‌కి (వెనక స్ప్రాకెట్ల సెట్‌కి) ఫ్రీహబ్ బాడీ, అంటే చక్రం మీద కాసెట్ కూర్చునే భాగం కూడా పొడవుగా ఉండాలి, అంటే వెనక చక్రం, కాసెట్, చైన్, డిరైలర్లు అన్నీ మారాలి, ఇల్లు రిపేరులా ఒకటి ముట్టుకుంటే ఇంకోటి బయటపడుతూనే ఉంటుంది. అలా అయితే కొత్త బైకే నయం అన్న మీవాళ్ళ మాట నిజమే అవుతుంది. టియాగ్రా 4700 కూడా వద్దు, 10 స్పీడే గానీ దాని కేబుల్ లాగే కొలత వేరు, మీ డిరైలర్‌తో కలవదు. 7, 8, 9 స్పీడ్ షిమానో వెనక డిరైలర్లు దాదాపు అన్నీ ఒకే నిష్పత్తిలో కదులుతాయి కాబట్టి క్లారిస్ షిఫ్టర్‌తో మీ డిరైలర్ అలాగే ఉంచేయొచ్చు. మైక్రోషిఫ్ట్ వాళ్ళవీ చూడండి, వాటిలో బ్రేక్ లివర్ పక్కకి కదలదు, వెనక రెండు లివర్లు ఉంటాయి, కొందరికి అదే నచ్చుతుంది.

గాలివాటం:
ఎత్తు ఎక్కడం తేలికవుతుందని కూడా మార్చాలనుకుంటుంటే, షిఫ్టర్‌తో అది రాదు బ్రో. ముందు 34 పళ్ళు, వెనక 28 ఉంటే నిష్పత్తి 1.21, వెనక 32 పెడితే 1.06, తేడా అంతా పళ్ళలోనే. అది కావాలంటే వెనక సెట్ ఒక్కటే మార్చుకో, మీ డిరైలర్ ఎన్ని పళ్ళదాకా తట్టుకుంటుందో చూసుకుని.

ఇంకో మాట, 1990లో ఎస్‌టీఐ (బ్రేక్ లివర్‌లోనే గేర్ మార్చే షిమానో షిఫ్టర్) వచ్చేదాకా రేసుల్లో వాళ్ళు కూడా డౌన్‌ట్యూబ్ (ఫ్రేమ్ కింది గొట్టం) మీదికి చెయ్యి దించే గేర్లు మార్చేవాళ్ళు. మనం తప్పకుండా మార్చాలని ఏం లేదు, అయినా అందుబాటులో ఉన్న సుఖాన్ని కాదనుకోవాల్సిన పనీ లేదు.

లోగేర్:
చాలా థాంక్స్ అందరికీ. పాతకేబుల్ గారూ మీరు చెప్పినట్టే విప్పి చూశా, ఆఖరి వంపు ముక్కలో కేబుల్ ఎర్రగా తుప్పు పట్టి ఉంది, జరపబోతే ఇసుక రాసుకున్నట్టు ఉంది. ఇన్నరూ ఔటరూ రెండూ కొత్తవి వేశా, ఇప్పుడు బటన్ నొక్కగానే టక్కున పడుతోంది, ఇది ఇంత బాగా పనిచేస్తుందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు! చైన్ కూడా కొలిచా, ఇంకా బానే ఉంది.

కానీ డ్రాప్స్ సమస్య అలాగే ఉంది కదా, అందుకని క్లారిస్ వైపే మొగ్గుతున్నా. వెనకది ఫ్రీవీల్ (హబ్‌కి స్క్రూలా తిప్పి బిగించే స్ప్రాకెట్ల సెట్), కాసెట్ కాదు. 8 స్పీడ్ షిఫ్టర్ పెట్టి ఏడు స్ప్రాకెట్లే ఉంచేస్తే నడుస్తుందా? చక్రం ఇప్పుడే మార్చలేను. బ్రేకులు మామూలు కాలిపర్ బ్రేకులే.

డ్రాప్‌బార్:
నడుస్తుంది, చాలామంది అలాగే తొక్కుతున్నారు. 7 స్పీడ్‌లో స్ప్రాకెట్‌కీ స్ప్రాకెట్‌కీ దూరం సుమారు 5 మి.మీ., 8 స్పీడ్‌లో 4.8. ఆ చివర నుంచి ఈ చివరకి ఆరు గెంతులు కాబట్టి మొత్తం తేడా 1.2 మి.మీ. మధ్య స్ప్రాకెట్ మీద కరెక్టుగా సెట్ చేస్తే అటు 0.6 ఇటు 0.6 మిగులుతుంది, పై పుల్లీ కొంచెం పక్కలకి ఆడుతుంది కాబట్టి ఆ మాత్రం సర్దుకుపోతుంది. చివరి స్ప్రాకెట్ దగ్గర సెట్ చేశారో, రెండో చివర గరగర వస్తుంది.

ఒక క్లిక్ ఎక్కువ ఉంటుంది, దాన్ని చిన్నవైపు వదిలేయండి. షిఫ్టర్‌ని పూర్తిగా దించి, ఒక క్లిక్ ఎక్కించి, చైన్ చిన్న స్ప్రాకెట్ మీద ఉండగా కేబుల్ బిగించండి. పెద్దవైపు హద్దు పెట్టే ఎల్ స్క్రూ మాత్రం జాగ్రత్తగా సెట్ చెయ్యండి, అది లూజుగా ఉంటే చైన్ స్పోక్స్‌లోకి వెళ్ళిపోతుంది. తర్వాత ఎప్పుడైనా 8, 9, 10 స్పీడ్ ఫ్రీహబ్ ఉన్న చక్రం దొరికితే 8 కాసెట్ వేసుకోండి, షిఫ్టర్ అప్పటికే రెడీగా ఉంటుంది. 8 స్పీడ్ ఫ్రీవీల్ జోలికి వెళ్ళకండి, బేరింగ్ లోపలికి జరిగిపోయి యాక్సిల్ వంగే ఛాన్స్ ఎక్కువ.

కాలిపర్ బ్రేకులైతే మామూలుగా పెద్ద గొడవ ఉండదు.

పాతకేబుల్:
ఎడమ షిఫ్టర్ కొనేముందు షిమానో కంపాటిబిలిటీ చార్ట్ చూడండి, ముందు డిరైలర్ల కేబుల్ లాగుడు మోడల్‌ని బట్టి మారుతుంది, వెనకవాటిలా అన్నీ కలవవు. కుదరకపోతే క్లారిస్ ముందు డిరైలర్ కూడా కలిపి తీసుకోండి, అదేమీ ఖరీదైన పార్ట్ కాదు. ఆర్2000లో గేర్ కేబుళ్ళు బార్ టేప్ కిందనుంచి వెళ్తాయి కాబట్టి ఔటర్ ఇప్పుడున్నదానికన్నా పొడవు కావాలి, మొన్న వేసిన ముందు ముక్కలు సరిపోవు. టేప్ చుట్టేముందు హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూసుకోండి, కేబుల్ ఎక్కడా బిగుసుకోకూడదు.