భువనగిరిలో ఇల్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం: కుదిరే పనేనా?

బోడుప్పల్_కిరాయిదారు
మాది భువనగిరి. ఎనిమిదేళ్లుగా బోడుప్పల్‌లో అద్దెకుంటున్నాం. ఓనరు ఈసారి కిరాయి 18 వేలు చేశాడు. ఆఫీసు రాయదుర్గంలో, వారానికి నాలుగు రోజులు వెళ్లాలి. ఊళ్లో నాన్న కట్టిన ఇంట్లో పై అంతస్తు ఖాళీగా ఉంది. జూన్‌లో పాపను ఒకటో తరగతిలో వేయాలి. ఊరికి మారిపోయి రోజూ అప్ అండ్ డౌన్ చేద్దామనుకుంటున్నాను. చేస్తున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

కోటగుట్ట
ఏం ఆలోచించకుండా వచ్చెయ్ తమ్ముడూ. నేను పదకొండేళ్ల నుంచి చేస్తున్నా. సికింద్రాబాద్ దాదాపు 50 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్ దొరికితే గంట లోపే దిగుతావు. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే అదే బ్లూ లైన్ రాయదుర్గం దాకా పోతుంది, అమీర్‌పేటలో మారే పని లేదు. కిరాయి మిగులుతుంది, పాప నాయనమ్మ దగ్గర పెరుగుతుంది. ఇంకేం కావాలి?

ఉప్పల్_రింగ్
"గంట లోపే" అన్న మాట ఒప్పుకోను. అది బండి నడిచే సేపు. ఇంటి నుంచి స్టేషన్, బండి కోసం ఎదురుచూపు, మౌలాలి దగ్గర సిగ్నల్ కోసం నిలబెట్టడం, మెట్రో దాకా నడక, మెట్రో దిగాక షేర్ ఆటో. ఇవన్నీ ఎవరి లెక్కలో వేస్తారు? నేను నాలుగేళ్లు చేశాను. గడప దాటింది మొదలు ఆఫీసు కుర్చీలో కూర్చునే దాకా రెండుంబావు గంటలకు ఏ రోజూ తగ్గలేదు.

కోటగుట్ట
రెండుంబావు ఎక్కడిది? నాది గంటా యాభై నిమిషాలు. రోజూ వాచీ చూసుకునే చెబుతున్నా.

ఉప్పల్_రింగ్
2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని బళ్లు అక్కడే ఆపేస్తున్నారు. చర్లపల్లిలో దిగితే మెట్రో ఏదన్నా? ఆ రోజు కూడా గంటా యాభైయేనా?

పాస్_హోల్డర్
సీజన్ టికెట్‌తో రిజర్వేషన్ బోగీ ఎక్కకండి. ఫైన్ రాస్తారు.

రాయగిరి_ప్లాటు
అన్నా, ఎంఎంటీఎస్ లోకల్ రైలును నమ్ముకుని మాత్రం ఎవరూ ఇల్లు మారకండి. యాదాద్రి దాకా పొడిగింపు 2016 నుంచి వింటున్నాం. రెండేళ్లలో వచ్చేస్తుందని వెంచర్ వాళ్లు చెబితే 2017లో అప్పు చేసి రాయగిరి దగ్గర 150 గజాలు కొన్నాను. ఘట్‌కేసర్ దాకా రావడానికే 2024 మార్చి అయింది. నా ప్లాటులో హద్దురాళ్లు కనబడాలంటే సర్కారు తుమ్మ కొట్టించాలి. వడ్డీ ఇప్పటికీ కడుతున్నా.

కోటగుట్ట
మనం మాట్లాడేది ప్లాటు గురించి కాదు. సొంతింటికి పోవాలా వద్దా అని అడిగిండు. ఊరు వదిలి పోయినవాళ్లకు ఊళ్లో అన్నీ లోపాలే కనిపిస్తాయి. పోయిన కార్తీక మాసంలో మా పక్కింటి పెద్దాయన బాత్రూంలో జారిపడ్డాడు. కొడుకులిద్దరూ సిటీలోనే. ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయింది నేను. పెద్ద కొడుకు వచ్చేసరికి మూడు గంటలైంది. అమ్మానాన్నల దగ్గర ఉండటానికి కిలోమీటర్ల లెక్క వేస్తారా ఎవరైనా?

ఉప్పల్_రింగ్
అది ఆదివారమా?

కోటగుట్ట
అవును. అయితే?

ఉప్పల్_రింగ్
మా నాన్న మంగళవారం పడిపోయారు. పొద్దున పదకొండింటికి. నేను ఊరు వదల్లేదు, అప్పుడు భువనగిరిలోనే కాపురం. అమ్మ ఫోన్ చేసేటప్పటికి మాదాపూర్‌లో మీటింగులో ఉన్నాను, ఫోన్ సైలెంట్‌లో పెట్టి. తొమ్మిది మిస్డ్ కాల్స్. క్యాబ్ మాట్లాడుకుని బయల్దేరితే నారపల్లి దగ్గర ఫ్లైఓవర్ పిల్లర్ల మధ్య నలభై నిమిషాలు కదల్లేదు. కొడుకు ఇంట్లోనే ఉన్నాడు కదా అన్న ధీమాతో ఆయన దగ్గర మనిషిని పెట్టలేదు. బోడుప్పల్‌లో ఉండి ఉంటే పెట్టేవాణ్ని. నిమిషాల లెక్క నేను ఊరికే అడగడం లేదన్నా. పొద్దున ఆరింటికి పోయి రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చేవాడు ఊళ్లో ఉన్నట్టా?

పాస్_హోల్డర్
అయ్యో. ఇప్పుడెలా ఉన్నారు?

ఉప్పల్_రింగ్
లేరు.

కోటగుట్ట
నాకు తెలియదు తమ్ముడూ. ఊరు వదిలిపోయిన మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఉన్నట్టా అంటే, ఉన్నట్టే. రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చినా అమ్మ చెంబుతో నీళ్లు అందిస్తది. ఆ కాసేపు కోసమే పదకొండేళ్లు తిరిగిన. అది లేకపోతే నేనూ ఎప్పుడో మారేవాణ్ని.

మల్లెపందిరి
అందరూ మగవాళ్లే మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా. కిరాయిదారు గారూ, మీ ఆవిడ ఉద్యోగం చేస్తున్నారా? మీరు రాయలేదు. మా ఆయన అప్ అండ్ డౌన్ చేస్తారని మేం ఊరికి వచ్చినప్పుడు నేను తార్నాకలో ల్యాబ్ ఉద్యోగం మానేశాను. "రెండు నెలలు చూద్దాం" అన్నారు. ఆరేళ్లయింది. అత్తమ్మ మందులు, పిల్లాడి హోంవర్కు, బోరు పాడైతే మెకానిక్, గ్యాస్ బండ, అన్నీ నేనే. ఆయన నిద్రపోయే ఊరు వేరు, నేను ఉండే ఊరు వేరు.

బోడుప్పల్_కిరాయిదారు
నాచారంలో స్కూల్ టీచరండీ. నిజం చెబుతున్నా, ఈ పోస్టు పెట్టే ముందు ఆమెను అడగలేదు. నిన్న రాత్రి అడిగాను. ఉద్యోగం మాననంది. బస్సులో తనూ రోజూ వెళ్లొస్తానంటోంది, ఆడవాళ్లకు టికెట్ లేదు కదా అని. మరి పాప బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారు? అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు.

మల్లెపందిరి
ఆ బస్సులో ఉప్పల్ నుంచి సాయంత్రం పూట సీటు దొరకదు. నిలబడే రావాలి. ఆమెను ఒక వారం తిరిగి చూడమనండి, తర్వాత ఆమె చెప్పినట్టు చేయండి.

బోడుప్పల్_కిరాయిదారు
అలాగే అనుకున్నాం. మార్చి నెలంతా నేనొక్కణ్ని ఊళ్లో ఉండి తిరిగి చూస్తాను. ఆమె ఒక వారం సెలవులు కాకుండా స్కూలు నడిచే రోజుల్లోనే వచ్చి చూస్తుంది. బోడుప్పల్ ఇల్లు అప్పటిదాకా ఖాళీ చేయం.

ఉప్పల్_రింగ్
పగటిపూట మీ అమ్మానాన్నల దగ్గర ఎవరుంటారో ముందు చూసుకో. పక్కింటివాళ్ల నంబరు, తెలిసిన ఆటో అతని నంబరు ఫోన్‌లో పెట్టుకో. ఫోన్ సైలెంట్‌లో పెట్టకు.

కోటగుట్ట
సోమవారం స్టేషన్‌కు రా. ముందు జనరల్ బోగీ ఆగేచోట నిలబడతా. మా బ్యాచ్‌లో నీకు సీటు ఆపుతాం.